కారులో మ్యాపు పాతబడితే: నాంపల్లి దారుల్లో చేయవలసినవి, చేయకూడనివి

కారుతో పాటు కంపెనీ ఇచ్చిన నావిగేషన్‌లో మ్యాపు మార్పించాలంటే చాలాచోట్ల వేలల్లో అడుగుతారు. చేతిలో ఫోన్ ఉంటే అంతకంటే తాజా మ్యాపు విడిగా పైసా కట్టకుండానే వస్తుంది. మరి ఆ వేలు కట్టడం దండగా, అవసరమా? ఎక్కడైనా వచ్చే ప్రశ్నే గానీ, హైదరాబాద్‌లో నాంపల్లి, అబిడ్స్ వైపు రోజూ కారు తిప్పేవాళ్లకు ఇంకాస్త గట్టిగా వస్తుంది. రైల్వే స్టేషన్, క్రిమినల్ కోర్టులు, అసెంబ్లీ, గాంధీభవన్, హజ్ హౌస్, యూసుఫైన్ దర్గా, ఎగ్జిబిషన్ గ్రౌండ్స్, ఎంజే మార్కెట్, జీపీఓ అన్నీ దగ్గర దగ్గరగా ఇరుక్కుని ఉన్న ప్రాంతం ఇది. ఊరేగింపో, ధర్నానో, ఉరుసో, నుమాయిషో, ఏదో ఒక పేరుతో ఏదో ఒక దారి మూసేస్తూనే ఉంటారు.

ఇక్కడ దారులు రెండు రకాలుగా మారతాయి. కొన్ని ఏళ్ల మీద మారతాయి: మెట్రో స్తంభాలు లేస్తాయి, డివైడర్ మూసి యూ-టర్న్ ముందుకు జరుపుతారు, రెండు వైపులా నడిచిన వీధి వన్-వే అవుతుంది. మరికొన్ని సాయంత్రం నాలుగింటికి మారి అర్ధరాత్రికి మళ్లీ మామూలవుతాయి. మీరు డబ్బు కట్టి మార్పించే మ్యాపు మొదటి రకాన్ని మాత్రమే సరిచేస్తుంది. రెండో రకం మ్యాపుతో వచ్చే ఏ ఎస్‌డీ కార్డులోనూ రాదు. ఈ తేడా గుర్తుంటే డబ్బు విషయంలో సగం తికమక పోతుంది, రోడ్డు మీద ప్రమాదం కూడా కొంత తగ్గుతుంది.

ముందు మీ మ్యాపు వయసు తేల్చుకోండి

సెట్టింగ్స్‌లోకి వెళ్లి సిస్టమ్ ఇన్ఫో నొక్కితే మ్యాప్ వెర్షన్ కనిపిస్తుంది. కొన్ని కార్లలో నెల, సంవత్సరం ఉంటాయి. కొన్నింటిలో అర్థంకాని అంకెల వరస మాత్రమే ఉంటుంది. అంకెలు చూసి బెంగపడొద్దు. మన ఊరే మంచి పరీక్ష పెడుతుంది.

నాంపల్లి మెట్రో స్టేషన్ అని వెతకండి. అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో నడవడం మొదలైంది 2018 సెప్టెంబరు 24న. స్టేషన్ లేకపోతే ఆ మ్యాపు అంతకుముందు తయారైనదని దాదాపు ఖాయం. దుర్గం చెరువు తీగల వంతెన 2020 సెప్టెంబరులో తెరిచారు. ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ దాకా స్టీల్ బ్రిడ్జి 2023 ఆగస్టులో వచ్చింది. ఆరాంఘర్ - జూపార్క్ ఫ్లైఓవర్ 2025 జనవరిలో వచ్చింది. ఒక్కొక్కటీ వెతుక్కుంటూ పోతే మీ కారు ఏ సంవత్సరంలో ఆగిపోయిందో ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది. సంగారెడ్డి ఇంకా మెదక్ జిల్లాలోనే కనిపిస్తుంటే, 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడకముందు తయారైన మ్యాపు అన్నమాట.

పేరు కనిపించినంత మాత్రాన సరిపోదు. కొన్నిసార్లు ఊళ్లు, హోటళ్లు, పెట్రోల్ బంకుల జాబితా కొత్తదై, రోడ్ల గీతలు పాతవే ఉంటాయి. అందుకని దారి కూడా అడిగి చూడాలి. ఇందిరా పార్కు నుంచి వీఎస్టీకి దారి పెట్టండి. స్టీల్ బ్రిడ్జి ఎక్కమనకుండా ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ మీదుగానే తిప్పుతుంటే రోడ్లు మారలేదని అనుమానించాలి. సర్వీస్ సెంటర్‌లో అప్‌డేట్ అయిపోయిందని తాళం చేతికిచ్చినప్పుడు కూడా, బిల్లు కట్టేముందు, ఇదే పరీక్ష అక్కడే నిలబడి చేయండి. మొహమాటం అక్కర్లేదు.

ఆ డబ్బు ఎందుకు అడుగుతారు?

కారులో ఉండే మ్యాపు కారు కంపెనీ గీసింది కాదు. మన దేశంలో చాలా కార్లలో ఉండేది 1995లో మొదలైన మ్యాప్‌మైఇండియా మ్యాపే. విదేశీ కార్లలో హియర్, టామ్‌టామ్ వంటివి ఎక్కువ. హియర్‌ను 2015లో ఆడి, బీఎండబ్ల్యూ, డైమ్లర్ మూడూ కలిసి 280 కోట్ల యూరోలకు కొన్నాయంటే, మ్యాపు ఎంత ఖరీదైన సరుకో ఊహించుకోవచ్చు. వీధుల్లో మనుషులను, కెమెరా బండ్లను తిప్పాలి, మారిన ప్రతి మలుపునూ దిద్దాలి. ఆ ఖర్చుకు కారు కంపెనీ లైసెన్సు, డీలరు లేబరు, 18 శాతం జీఎస్టీ తోడవుతాయి. అమెరికాలో ఉన్న మనవాళ్లను అడిగితే, పాత కార్లకు మ్యాపు డిస్క్ కోసం డీలర్లు 150 డాలర్లు, ఆ పైన తీసుకున్న కథలు చెబుతారు.

ఫోన్‌లో ఊరికే ఎలా వస్తోంది మరి? ఊరికే రాదు. మన కదలికల సమాచారం, మన కంటపడే ప్రకటనలు ఆ ఖర్చు కడుతున్నాయి.

విచిత్రమేమిటంటే, ప్రపంచం వాడే మ్యాపుల మీద పని హైదరాబాద్‌లోనే పెద్ద ఎత్తున జరుగుతోంది. 2016 మే 19న ఆపిల్ సీఈఓ హోదాలో టిమ్ కుక్ స్వయంగా వచ్చి ఆపిల్ మ్యాప్స్ కార్యాలయాన్ని ఇక్కడ ప్రారంభించాడు. ఇంకా వెనక్కి వెళ్తే, 1908 మూసీ వరద ఊరిని ఊడ్చేసిన తర్వాత, 1912 - 1915 మధ్య లియోనార్డ్ మన్ అనే ఇంజనీరు చేత నిజాం ప్రభుత్వం నగరాన్ని వీధి వీధీ కొలిపించి వందల పటాలు గీయించింది. మ్యాపు దిద్దించడానికి డబ్బు పెట్టడం ఈ ఊరికి కొత్త కాదు.

కట్టాలా, మానాలా?

చేయవలసింది మొదట: ఉచితంగా రావలసింది ఏమైనా మిగిలి ఉందేమో చూడండి. 2019లో హ్యుందాయ్ వెన్యూ, అప్పటి అనంతపురం జిల్లా పెనుకొండలో తయారైన కియా సెల్టోస్ వచ్చినప్పుడు కనెక్టెడ్ సేవలు మూడేళ్లు ఉచితమన్నారు. ఇలాంటి కార్లలో సిమ్ లోపలే ఉంటుంది, మ్యాపు గాల్లోంచే దిగుతుంది. గడువు తీరాక ఏటా చందా. ఆ గడువు తేదీ కొన్నవాళ్లలో చాలామందికి గుర్తుండదు. ముగియడానికి ఒక నెల ముందు చివరి అప్‌డేట్ దించుకుని పెట్టుకుంటే మరి కొన్నాళ్లు గడుస్తుంది.

రెండోది: అడగవలసినవి ముందే అడగండి. ఇది ఒక్కసారికి కట్టే డబ్బా, ఏటేటానా? వచ్చేది ఏ నెల మ్యాపు? లేబరు, జీఎస్టీ కలిపే చెబుతున్నారా, విడిగానా? మధ్యలో ఆగిపోయి స్క్రీన్ పనిచేయకపోతే బాధ్యత ఎవరిది? చివరి ప్రశ్నకు జవాబు జాబ్ కార్డు మీద రాయించుకోండి. నోటి మాట స్క్రీన్ చచ్చిపోయాక ఎవరికీ గుర్తుండదు. బిల్లు లేకుండా డబ్బు ఇవ్వొద్దు. బిల్లు ఉంటేనే రేపు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినప్పుడు మీ మాటకు బలం.

ఇక నా లెక్క చెబుతాను. మెహదీపట్నం నుంచి నాంపల్లికి, అబిడ్స్ నుంచి కోఠికి, ఆదివారం చార్మినార్‌కి, ఇదీ మీ తిరుగుడు అయితే, కారు స్క్రీన్ మీదికి ఫోన్ ఎక్కించుకునే సౌకర్యం ఉంటే, అప్‌డేట్‌కు డబ్బు పెట్టకండి. ఆండ్రాయిడ్ ఆటో, కార్‌ప్లే వచ్చి పదేళ్లు దాటింది. ఊళ్లో తిరిగేవాడికి అవి చాలు.

సిగ్నల్ లేని చోట్లకు తరచు వెళ్లేవాళ్ల సంగతి వేరు. మన్ననూరు దాటి శ్రీశైలం వైపు నల్లమల అడవిలోకి దిగితే ఫోన్ చాలాచోట్ల మూగబోతుంది. కారులోని మ్యాపుకు నెట్‌వర్క్‌తో పనిలేదు, ఉపగ్రహం కనిపిస్తే చాలు. అలాంటివాళ్లు కట్టొచ్చు. అది కూడా వద్దనుకుంటే బయల్దేరే ముందు ఇంట్లో వైఫై మీద ఆ ప్రాంతం మ్యాపును ఫోన్‌లోకి ఆఫ్‌లైన్‌గా దించుకోవాలి. ఏది ఎలా ఉన్నా, ఆ అడవి దారిని రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూసేస్తారన్న సంగతి మాత్రం ఏ అప్‌డేట్ మీదా ఆధారపడకుండా మీరే గుర్తుపెట్టుకోవాలి.

చౌకగా చేయించుకోబోయి

అసలు ఖర్చు భయం వల్ల వచ్చే ప్రమాదాలు ఇక్కడ మొదలవుతాయి. కంపెనీ వేలు అడిగితే, ఎవరో ఒకరు వందల్లో చేస్తామంటారు. పెన్‌డ్రైవ్ పెట్టి పది నిమిషాల్లో ఎక్కించేస్తామంటారు.

కాపీ కార్డు కొనకూడదు. చాలా కంపెనీల్లో ఎస్‌డీ కార్డు మొదట పెట్టిన కారుతోనే ముడిపడిపోతుంది. ఇంకో కారులోంచి తీసినదో, నకలు కొట్టినదో పెడితే పనిచేయకపోవడం చిన్న నష్టం. ఉన్న మ్యాపు కూడా లాక్ అయిపోవడం పెద్ద నష్టం. మీ ఒరిజినల్ కార్డును "ఒక్క నిమిషం, చూసి ఇస్తా" అని తీసుకుంటే మీ కళ్ల ముందే ఉంచమనండి. "భయ్యా, ఇది కంపెనీదేనా, కాపీనా?" అని అడగండి. బిల్లు మీద రాసివ్వమంటే సగంమంది అక్కడే నిజం చెప్పేస్తారు.

కంపెనీ సైటు నుంచి తప్ప ఎక్కడి నుంచీ ఫైలు దించొద్దు. అప్‌డేట్ కావాలని వెతికితే కంపెనీ పేరును పోలిన సైట్లు, ముందే డబ్బు కట్టమనేవి, మీ కంప్యూటర్‌లో ఇంకేదో ఎక్కించేవి ఎదురవుతాయి. వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు జోలికి అసలు పోవద్దు. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. తెల్లారాక చూద్దాంలే అనుకుంటే ఆ డబ్బు మరో నాలుగు ఖాతాలు దాటిపోతుంది.

అప్‌డేట్‌కు అంత పెట్టే బదులు స్టీరియోనే మార్చేద్దాం, ఆండ్రాయిడ్ పెట్టించేద్దాం అనేవాళ్లు చాలామంది. తప్పేం లేదు, కానీ పని ఎలా జరుగుతోందో దగ్గరుండి చూడండి. మీ కారు మోడల్‌కు సరిపోయే కప్లర్ తెచ్చి కప్లర్‌కు కప్లర్ కలపాలి. వైరు కోసి, మెలిపెట్టి, నల్ల టేపు చుట్టే చోట ఆపమనండి. వదులైన ముడి వేడెక్కుతుంది, ఎండాకాలం కారు లోపలి వేడికి టేపు జిగురు ఊడిపోతుంది, ఆ తర్వాత జరిగేది షార్ట్ సర్క్యూట్. స్టీరింగ్ మీది బటన్లు పనిచేయించడానికని స్టీరింగ్ విప్పబోతే అసలు ఒప్పుకోవద్దు. ఎయిర్‌బ్యాగ్ అక్కడే ఉంటుంది. బండి వారంటీలో ఉంటే, వైర్లు కోశాక కరెంటుకు సంబంధించిన ఏ క్లెయిమ్ అయినా పేచీ అవుతుందని కూడా లెక్కలో వేసుకోండి.

ఎక్కించేటప్పుడు

ఈ జాగ్రత్త ఎవరూ చెప్పరు, కాబట్టి కాస్త ఆగి చెబుతాను. మ్యాపు ఫైలు చాలా పెద్దది. పెన్‌డ్రైవ్ నుంచి ఎక్కడానికి కొన్ని కార్లలో గంట, అంతకన్నా ఎక్కువే పడుతుంది. అంతసేపూ స్క్రీన్‌కు కరెంటు ఆగకూడదు. అందుకని ఇంజన్ ఆన్‌లో పెట్టి కూర్చుంటారు. ఎక్కడ? అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో. రెడ్‌హిల్స్, బజార్‌ఘాట్, చిరాగ్ అలీ లేన్ వైపు పాత కాంప్లెక్సుల సెల్లార్లలో గాలి ఆడదు. ఇంజన్ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. మొదట తలనొప్పి, ఆ తర్వాత మత్తు, నిద్ర వస్తోందనుకుంటాం. ఇంజన్ నడుస్తున్న కారులో ఏసీ వేసుకుని, అద్దాలు ఎత్తి, సెల్లార్‌లో గంటసేపు కూర్చోకూడదు. పిల్లలను వెనక సీట్లో ఉంచి అసలే కూడదు. బండిని బయట ఆరుబయలులో పెట్టండి. పబ్లిక్ గార్డెన్స్ వైపు తెల్లవారుజామున చోటు దొరుకుతుంది.

ఇంజన్ ఆపేసి ఇగ్నిషన్ మాత్రమే ఆన్‌లో ఉంచితే పొగ బెడద లేదు గానీ బ్యాటరీ దిగిపోతుంది. సగంలో బ్యాటరీ పడిపోతే స్క్రీన్ డెడ్ అయ్యే ప్రమాదం ఉంది. మూడేళ్లు దాటిన బ్యాటరీ అయితే ముందు చెక్ చేయించండి. కొన్ని కార్లు దారిలో నడుస్తుండగానే కొంచెం కొంచెంగా ఎక్కించుకుంటాయి. మీ కారు ఏ రకమో మాన్యువల్‌లో చూసి తెలుసుకోవాలి.

అప్‌డేట్ నడుస్తుండగా రివర్స్ చేయబోకండి. చాలా కార్లలో ఆ సమయంలో వెనక కెమెరా బొమ్మ రాదు. రోజూ ఆ బొమ్మకు అలవాటు పడ్డ కన్ను, అది లేదన్న సంగతి ఆలస్యంగా గమనిస్తుంది. తప్పదంటే ఒకరిని దిగి వెనక నిలబడి చెప్పమనండి.

అన్నట్టు, కారు గడియారం ఉన్నట్టుండి ఇరవై ఏళ్లు వెనక్కి పోతే మ్యాపు పాడైందని కంగారుపడి డబ్బు కట్టొద్దు. 2022 జనవరి 1న ప్రపంచంలో చాలాచోట్ల హోండా, అక్యురా పాత కార్లలో తేదీ 2002కి పోయింది. జీపీఎస్ వారాలను 1024 దాకా లెక్కపెట్టి మళ్లీ సున్నా నుంచి మొదలుపెడుతుంది, ఆ మలుపు దగ్గర పాత సాఫ్ట్‌వేర్ తడబడింది. అది మ్యాపు జబ్బు కాదు.

రోడ్డు మీద

నుమాయిష్ రోజులతో మొదలుపెడదాం. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో చిన్నగా మొదలై, తర్వాత ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కు మారిన ఈ ప్రదర్శన మామూలుగా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా 46 రోజులు నడుస్తుంది. ఆ రోజుల్లో సాయంత్రం నుంచి పోలీసులు బండ్లను మళ్లిస్తారు. ఎంజే మార్కెట్ దగ్గర నాంపల్లి వైపు వచ్చే బస్సులను, పెద్ద బండ్లను అబిడ్స్ వైపు తిప్పడం, బషీర్‌బాగ్ నుంచి వచ్చేవాటిని ఏఆర్ పెట్రోల్ పంపు దగ్గర బీజేఆర్ విగ్రహం వైపు పంపడం ఏటా దాదాపు ఒకే తీరు. వినాయక నిమజ్జనం నాడు సంగతి చెప్పక్కర్లేదు. బాలాపూర్ నుంచి బయల్దేరిన శోభాయాత్ర ఎంజే మార్కెట్, అబిడ్స్, బషీర్‌బాగ్ మీదుగానే ట్యాంక్‌బండ్ చేరుతుంది.

ఆ రోజుల్లో కారులో ఉన్న మ్యాపు నిన్న వేయించినదైనా, "ఎడమకు తిరగండి" అనే చెబుతుంది. ఎదురుగా బారికేడ్ ఉంటుంది, కానిస్టేబుల్ కుడికి చెయ్యి చూపిస్తుంటాడు. కానిస్టేబుల్ చెప్పిందే దారి. స్క్రీన్ చూపించి ఆయనతో వాదించకూడదు. స్క్రీన్ మాట విని బారికేడ్ పక్కన సందులోంచి దూరడం ఇంకా ప్రమాదం. జనం రోడ్డంతా తమదే అనుకుని నడిచే సమయం అది. బయల్దేరే ముందు ట్రాఫిక్ పోలీసుల ప్రకటన చూసుకుని, మళ్లింపు ఉంటే కారు ఇంట్లోనే ఉంచి మెట్రో ఎక్కండి. నాంపల్లి, గాంధీభవన్ రెండు స్టేషన్లూ గ్రౌండ్స్‌కు దగ్గరే.

వన్-వేల సంగతి కూడా చూడాలి. పాత మ్యాపు చేసే అత్యంత ప్రమాదకరమైన తప్పు ఇదే. రెండు వైపులా నడిచే రోజుల్లో గీసిన వీధిని మ్యాపు ఇంకా అలాగే అనుకుంటుంది. మీరు తిరిగిన క్షణంలో ఎదురుగా బస్సు. చలాన్ సంగతి సరే, రాంగ్ రూట్‌లో వెళ్లే బండిని ఎదుటివాడు ఊహించడు. మలుపు తిరిగే ముందు స్క్రీన్ చూడొద్దు, బోర్డు చూడండి. బోర్డు విరిగిపోయి ఉంటే, ఆగి ఉన్న బండ్ల మూతులు ఎటు ఉన్నాయో చూడండి. అన్నీ మీవైపే చూస్తుంటే ముందుకు పోవద్దు.

మెట్రో స్తంభాల కింద యూ-టర్న్ మూసేసి ఉంటే, నావిగేషన్ చూపించిన చోట దారి లేదని సడన్ బ్రేక్ వేయకూడదు. వెనక ఆటోలు ఎంత దగ్గరగా వస్తాయో నాంపల్లి స్టేషన్ రోడ్డు తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. వదిలేసి ముందుకు పోవాలి. దారి మళ్లీ లెక్కవేసుకోవడం దాని పని, మీకు పోయేది రెండు నిమిషాలు. ఫ్లైఓవర్ల దగ్గరా అంతే. మీరు పైన ఉన్నారో, కింద ఉన్నారో చాలా మ్యాపులకు తెలియదు. ఎక్కడం మర్చిపోయానని ర్యాంపు మీద రివర్స్ తీయకూడదు.

సెల్లార్ పార్కింగ్‌లోంచి పైకి వచ్చిన వెంటనే బాణం గుర్తు గిరగిరా తిరుగుతుంటుంది. లోపల ఉపగ్రహం కనిపించదు, బయటికొచ్చాక అది తేరుకోవడానికి కాస్త సమయం కావాలి. ఆ మొదటి మలుపు దాని మాట విని తీసుకోవద్దు.

ఇక నీళ్లు. అసలైన ప్రాణభయం ఇక్కడే ఉంది. 2024 మేలో హైదరాబాద్ నుంచి కేరళ విహారానికి వెళ్లిన నలుగురు కొట్టాయం జిల్లా కురుప్పంతర దగ్గర ఫోన్ మ్యాపు చెప్పినట్టు వెళ్లి, వానకు రోడ్డు ఏదో వాగు ఏదో తెలియక కారుతో సహా నీళ్లలోకి దిగిపోయారు. పోలీసులు, ఊరివాళ్లు కాపాడారు. అంతకుముందు 2023 అక్టోబరు 1 అర్ధరాత్రి దాటాక కొచ్చి దగ్గర గోతురుత్తులో ఇద్దరు యువ డాక్టర్లు అలాగే పెరియార్ నదిలో పడి చనిపోయారు. మన సిద్దిపేట జిల్లాలో 2023 చివర్లో ఒక లారీ గౌరవెల్లి ప్రాజెక్టు నీళ్లలోకి పోయింది. పాత రోడ్డు ప్రాజెక్టులో మునిగింది, మ్యాపులో మాత్రం ఉంది. 2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ దగ్గర, అంతకుముందు వరదకు కొట్టుకుపోయిన వంతెన మీదికి కారు పోయి ముగ్గురు మరణించారు. ఇవి చాలావరకు డబ్బు కట్టని, నిత్యం తాజా అవుతుందనుకునే ఫోన్ మ్యాపుల కథలు. అప్‌డేట్ ఉందన్న ధీమా కూడా ప్రమాదమేనని చెప్పడానికే ఇంత వివరం.

నాంపల్లికి వాగు ఎక్కడిదని అనుకోవద్దు. గోషామహల్ చాక్నావాడిలో 2022 డిసెంబరులో నాలా మీది రోడ్డు పట్టపగలు కుంగి, దాని మీదున్న బండ్లు లోపల పడ్డాయి. వాన గట్టిగా కురిసి మూసీ పొంగితే చాదర్‌ఘాట్ లాంటి వంతెనలు మూసేస్తారు. 2025 సెప్టెంబరు వరదకు ఎంజీబీఎస్ బస్టాండే మునిగింది. ఆ రాత్రుల్లో కారు మ్యాపు ఎప్పటిలాగే దగ్గరి దారి అని మూసిన వంతెన మీదుగానే పంపుతుంది.

నిలిచిన నీళ్లు ఎంత లోతో కనిపించకపోతే దిగకూడదు. అడుగు లోతు పారే నీరు చిన్న కారును తేల్చగలదు, రెండడుగులైతే దాదాపు ఏ కారునైనా లాక్కుపోతుంది. పొరపాటున దిగి, బండి తేలుతున్నట్టు అనిపిస్తే: బెల్టు తీయండి, కిటికీ దించండి, పిల్లలను ముందు బయటికి పంపి మీరూ కిటికీలోంచే బయటపడండి. తలుపు తెరవాలని చూస్తూ కూర్చోవద్దు, బయటి నీటి బరువుకు తెరుచుకోదు. కరెంటు పోతే పవర్ విండో దిగదు, అందుకే కిటికీ పని ముందు. బయటపడ్డాక అత్యవసర నంబరు 112కు ఫోన్ చేయండి.

ఫోన్ పెట్టుకుంటే

కారు మ్యాపుకు డబ్బు దండగని తేల్చుకున్నవాళ్లు ఫోన్‌ను ఎక్కడ పెడతారన్నది కూడా ముఖ్యమే. 2020 అక్టోబరు 1 నుంచి అమలైన సవరణ ప్రకారం, బండి నడుపుతూ చేతి ఫోన్‌ను దారి చూసుకోవడానికి మాత్రమే వాడొచ్చు. అదీ డ్రైవరు ధ్యాస చెదరకుండా. ఫోన్ చేతిలో పట్టుకుని నడిపితే ప్రమాదకరమైన డ్రైవింగ్ కింద మొదటిసారి వెయ్యి నుంచి ఐదు వేల దాకా జరిమానా, జైలు కూడా పడొచ్చు. కాబట్టి స్టాండ్ తప్పనిసరి. అద్దం మధ్యలో కాకుండా, డ్యాష్‌బోర్డు మీద కిందికి, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే చోటికి దూరంగా పెట్టండి.

చిరునామా బండి కదలకముందే టైపు చేయాలి. దారిలో మార్చాల్సి వస్తే పక్కన కూర్చున్నవాళ్లు మార్చాలి, ఒంటరిగా ఉంటే బండి పక్కకు ఆపాలి. గొంతు ఆన్‌లో ఉంచుకోండి, తెలుగులోనూ చెబుతుంది. పాట కాస్త తగ్గించుకుంటే వినిపిస్తుంది.

ఇల్లు ఎక్కడో చెప్పకండి

నావిగేషన్‌లో హోమ్ అని నొక్కి ఇంటి గేటు దాకా గుర్తు పెట్టేస్తాం. బండిని సర్వీస్‌కు ఇచ్చినా, హోటల్ ముందు వాలెట్‌కు తాళం ఇచ్చినా ఆ చిరునామా వాళ్ల చేతిలో ఉన్నట్టే. మీరు భోజనానికి ఎంతసేపు కూర్చుంటారో కూడా వాలెట్‌కు తెలుసు. హోమ్ దగ్గర మీ వీధి మలుపో, దగ్గరి పెట్రోల్ బంకో పెట్టుకోండి. అక్కడి నుంచి ఇంటికి దారి మీకు తెలుసు.

కారు అమ్మేటప్పుడు ఫ్యాక్టరీ రీసెట్ చేయకుండా ఇవ్వొద్దు. చేర్చిన ఫోన్ నంబర్లు, వెళ్లిన చోట్లు, కనెక్టెడ్ సేవల ఖాతా అన్నీ తీసేయాలి. పాత కారు కొనేవాళ్లు ఒరిజినల్ ఎస్‌డీ కార్డు ఉందో లేదో కొనకముందే చూడాలి, ఖాతా పాత యజమాని పేరు నుంచి మారిందో లేదో కనుక్కోవాలి. మారకపోతే అతని ఫోన్‌లో మీ కారు ఎక్కడుందో కనిపిస్తూనే ఉంటుంది.

తప్పు దారి కనిపిస్తే ఇంటికి చేరాక, కారు ఆపాక, ఫిర్యాదు పెట్టండి. గూగుల్‌కు గూగుల్ మ్యాప్స్‌లో, మ్యాప్‌మైఇండియాకు దాని మ్యాపుల్స్ యాప్‌లో, విడివిడిగా పెట్టాలి. ఒకదాన్లో దిద్దితే రెండోదాన్లో మారదు. ఏ వీధి, ఏ వైపు నుంచి ఏ వైపుకు వన్-వే, ఎప్పటి నుంచి అన్నది రాసి, బోర్డు ఫోటో జతచేస్తే పని త్వరగా అవుతుంది. ఫోన్‌లో అది కొన్ని రోజుల్లో మారొచ్చు. మీ కారులోకి మాత్రం మళ్లీ అప్‌డేట్ వేయించేదాకా రాదు.